ఒంటికాలి మీద పెండ్లికొడుకు

మా అన్న మనవరాలికి జిల్లాలో సాంస్కృతిక కార్యక్రమాలు చూసే కొలువు వచ్చింది. మొన్న మంథని వచ్చినప్పుడు నా పక్కన కూర్చుని, "తాతా, నువ్వు కూడా ఇదే పని చేసినవట కదా, నాలుగు ముక్కలు చెప్పరాదూ" అంది. నోటితో చెప్పబోతే మొదటి ముక్కకే దాని ఫోను మోగింది, లేచి పోయింది. అందుకే రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడే చదువుకుంటుంది.

ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. కొన్ని ఆలస్యంగా వచ్చాయి, కొన్ని రానే లేదు, ఇప్పుడు ఎవరికి కావాలి అవి? ఫైళ్ల సంగతి అసలే ఉండదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. ఒక కథను నడిమధ్యలో ఆపాను, దాన్ని మళ్లీ కదిలించడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో నేర్చుకున్నదే నా ఉద్యోగం. తతిమ్మా ఏళ్లన్నీ హాజరు పట్టీలో సంతకాలు.

మూడు ఆఫీసులు, ఒక సైకిలు

మాది మంథనిలో గుడి సేవ చేసుకునే ఇల్లు. నాన్న అర్చకులు, పెదనాన్న బడిపంతులు. నాకు పంచాయతీ సమితిలో సాంఘిక విద్య అధికారిగా కొలువు దొరికింది. పేరు పెద్దది, పని ఏమిటో ఎవరికీ సరిగా తెలియదు. ఊళ్లలో భజన మండళ్లు పెట్టించాలి, యువజన సంఘాలు పెట్టించాలి, రేడియో పెట్టెలు పనిచేస్తున్నాయో లేదో చూడాలి, ఏడాదికోసారి కళాకారులను పిలిచి కార్యక్రమం జరిపించాలి.

అరవైల చివర నన్ను గోదావరిఖని వైపు వేశారు. అప్పుడది ఊరూ కాదు, పట్టణమూ కాదు. చెట్లు కొట్టిన నేల మీద వరసగా క్వార్టర్లు, వాటి మధ్య ఇంకా ఎడ్లబండి జాడలు. తెల్లవారుతూనే నేను బస్సు దిగేసరికి గోదావరి మీద నుంచి వచ్చిన మంచూ, ఇంటింటి బొగ్గు పొయ్యిల పొగా కలిసి నేలకు అంటుకుని ఉండేవి. బాయి మీద తిరిగే పెద్ద చక్రం ఆ మబ్బు పైన ఒక్కటే కనిపించేది, కింద స్తంభాలు ఉండేవి కావు. బొగ్గు గనిని అక్కడ అందరూ బాయి అనే అంటారు. మూడో షిఫ్టు దిగిన మనుషులు ఆ మంచులోంచి ఒక్కొక్కరే బయటికొచ్చేవారు. రాత్రంతా మేలుకున్న కళ్లు, నల్లటి ముఖాలు. ఎదురుపడితే నమస్తే పెట్టేవారు గానీ సగం నిద్రలోనే ఉండేవారు. వాళ్ల మధ్య సైకిలు తోసుకుంటూ పోతుంటే ఎవరి కలలోకో చెప్పకుండా దూరినట్టు ఉండేది నాకు.

సర్కారు నుంచి కొత్త ఉత్తరువు వచ్చింది. సమితి, పంచాయతీ, బొగ్గు బాయిల కంపెనీ ముగ్గురూ చేతులు కలిపి స్థానిక కళలను పోషించాలట. కంపెనీ స్థలమిచ్చి, కర్ర ఇచ్చి, కరెంటు ఇస్తుంది. పంచాయతీ జనాన్ని పోగేస్తుంది. సమితి కళాకారులను తెస్తుంది. ముగ్గురి మధ్య తిరగడానికి నేనూ, నా సైకిలూ.

అసలు చిక్కు తిరగడంలో లేదు, భాషలో ఉంది. సమితికి గ్రాంథిక తెలుగులో రాయాలి, "కోరడమైనది, పంపడమైనది" అని. కంపెనీకి ఇంగ్లీషులో రాయాలి. సర్పంచ్‌కు ఏ కాగితం ఇచ్చినా నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "ఇగ నోటితోని చెప్పు" అనేవాడు. నేను ఆ మూడు భాషలూ వచ్చని మహా మురిసిపోయేవాణ్ని. వయసు అట్లాంటిది.

మా సమితి అధికారి గురించి ఒక్క మాట. చెడ్డవాడు కాదు. కానీ ఆయనకు కళ అంటే అతిథి చేతి గడియారం. "కార్యక్రమం గంట దాటిందా, నీ ఉద్యోగం నీది కాదు" అనేవాడు. ఇట్లాంటి పై అధికారి నీకూ దొరుకుతాడు. ఆయన మాట విను, కానీ ఆయన గడియారం నీ కడుపులో పెట్టుకోకు. నేను పెట్టుకున్నాను.

ఓదెలు అడిగిన మూడు

ఆ ఏడు ఎవరిని పిలవాలని వాకబు చేస్తే అందరూ ఓదెలు పేరే చెప్పారు. ఓదెలు ఒగ్గు కథ చెబుతాడు. ఒగ్గు అంటే చేతిలో పట్టుకునే చిన్న వాయిద్యం. దాన్ని మోగిస్తూ ఒకరు కథ నడుపుతుంటే వెనక డోలు, తాళాలు పట్టినవాళ్లు అందుకుంటారు. గొర్లు కాసుకునే వాళ్ల ఇళ్లలో తరతరాలుగా వస్తున్న విద్య. ఓదెలుకు అప్పటికే అరవై దగ్గరపడ్డాయి. నేను వెళ్లేసరికి గుడిసె ముందు కూర్చుని గొర్రె ఉన్ని చేత్తో తడిమి తడిమి పురి పెడుతున్నాడు.

"రెండేండ్ల సంది కథ లేదు పంతులూ" అన్నాడు. మంథని నుంచి వచ్చాను కాబట్టి మొదటి రోజు నుంచీ నన్ను పంతులూ అనే పిలిచాడు. "మా మేనల్లుడు రాజం డోలు కొడుతడు. వాడు ఇప్పుడు బాయిల బొగ్గు నింపుతుండు. తాళాలోడు గూడ బాయిలనే. వీడు ఇంటికాడ ఉంటె వాడు డ్యూటీ, వాడు ఉంటె వీడు డ్యూటీ. దేవునికి షిఫ్టు లేదు గాని మాకున్నది."

ఏటా వాళ్లు తమ దేవుడి పెండ్లి కథ చెప్పే జాగా కూడా ఇప్పుడు కంపెనీ కర్రల యార్డులో కలిసిపోయింది. బాయిలో కప్పు కూలకుండా నిలబెట్టే కర్రలు అక్కడ గుట్టలుగా పోస్తారు.

"నేను జరిపిస్తాను. నీకేం కావాలో చెప్పు" అన్నాను.

"పెండ్లి కథ చెప్పాలంటె పట్నం ఎయ్యాలె. ఐదు రంగులు గావాలె. పన్నెండు మూరల జాగ గావాలె. గంతే."

రాసుకున్నాను.

"జర జల్ది చెయ్యి పంతులూ. నా కండ్లకు పొర అచ్చింది. ఇంకో ఏడాది కనవడుతయో లేదో. పట్నం గీతలు ఇంకెవ్వనికి రావు. నేను ఎయ్యంగ రాజం చూడాలె, చూసి నేర్సుకోవాలె. కండ్లు ఉండంగనే ఒక్కపారి దేవుని పెండ్లి చేసి చేతులు దులుపుకుంట."

ఇంత స్పష్టంగా చెప్పాడు ఆ మనిషి. పట్నం అంటే ఏమిటని నేను అడగాలి కదా? అడగలేదు. పట్నం అంటే నాకు తెలియదా! మంథనిలో పుట్టిన ప్రతివాడికీ పట్నం అంటే హైదరాబాదే. దేవుడు పట్నంలో పెండ్లి చేసుకుంటాడు కాబోలు, వెనక పట్నం బొమ్మ ఉన్న తెర కావాలి కాబోలు అనుకున్నాను. కంపెనీకి ఇంగ్లీషులో చక్కని ఉత్తరం రాశాను. ఐదు రంగుల్లో, పన్నెండు మూరల కొలతలో, ఒక మహానగర దృశ్యం చిత్రింపజేసి ఇవ్వవలసిందిగా ప్రార్థన.

బస్సు ఎక్కడికి పోతది

కంపెనీ వెల్ఫేర్ ఆఫీసరు కోస్తా వైపు నుంచి వచ్చినవాడు, నాటకాలంటే ప్రాణం. నా ఉత్తరం చదివి తన పెయింటరును పిలిపించాడు. ఆ పెయింటరు అప్పటిదాకా "టోపీ లేనిదే దిగరాదు", "అగ్గిపెట్టె నిషిద్ధం" అని బోర్డులు రాస్తూ జీవితం వెళ్లదీస్తున్నాడు. ఇట్లాంటి అవకాశం ఎన్నడొస్తుందా అని కాచుకున్నట్టున్నాడు, తన ప్రాణమంతా అందులో పెట్టేశాడు.

కార్యక్రమం సాయంత్రం ఐదింటికి, కంపెనీ మైదానంలో. చెక్కల వేదిక కట్టారు. తెర విప్పారు. అబ్బ, ఏం పట్నమది! గడియారపు గోపురం, రెండంతస్తుల మేడలు, డబుల్ డెక్కర్ బస్సు, గొడుగు పట్టుకున్న ఒక దొరసాని, పైన ఒక విమానం. చెప్పినట్టే ఐదు రంగులు. వెల్ఫేర్ ఆఫీసరు నా భుజం తట్టాడు. నేను పొంగిపోయాను.

ఓదెలు వచ్చాడు. వెనక రాజం. మొదటి షిఫ్టు దిగి హడావిడిగా స్నానం చేసి వచ్చినట్టున్నాడు, చెవుల వెనక ఇంకా బొగ్గు ఉంది. ఓదెలు తెర దగ్గరికి పోయి, ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి చూశాడు.

"గిదేంది పంతులూ?"

"పట్నం. నువ్వు అడిగినవు కదా."

"మరి గీ బస్సు యాడికి పోతది?"

రాజం పక్కకు తిరిగి నోటికి తువాలు అడ్డం పెట్టుకున్నాడు. ఓదెలు మాత్రం నవ్వలేదు. నా ముఖం చూసి జాలిపడ్డాడేమో, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. పట్నం అంటే ముగ్గు. పేడతో అలికిన నేల మీద పిండితో, పసుపుతో, కుంకుమతో, ఆకు పొడితో, ఊక బూడిదతో వేసేది. దేవుడి పెండ్లి ఆ పట్నం మీదే జరగాలి. కథ పూర్తయ్యాక దాని మీద ఆడి తొక్కి చెరిపేస్తారు. చెక్కల మీద వేయరు, గుడ్డ మీద అసలే వేయరు.

నా ముఖం మాడిపోయింది. అప్పటికే కుర్చీలు నిండిపోయాయి, అతిథి జీపు దిగుతున్నాడు.

"ఇప్పుడెట్ల? పెండ్లి దాకా పోకుండా ముందుది చెప్పు చాలు. నేను చెయ్యెత్తగానే ఆపెయ్యి" అన్నాను.

"కథ మొదలువెడితె అది పోయేకాడికి పోతది. నా చేతుల ఉండది."

"ఈ ఒక్కసారికి నా మాట వినాలి, ఓదెలూ."

పెద్దవాణ్ని పట్టుకుని పేరు పెట్టి పిలిచేవాణ్ని అప్పుడు. అతను రాజం వైపు చూశాడు. రాజం తల దించుకున్నాడు. రెండేళ్ల తర్వాత డోలు భుజానికెత్తుకున్నవాడు దించమంటే మాత్రం దించుతాడా? ఓదెలు ఒగ్గు అందుకున్నాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు ఇప్పటికీ ఒక తెరలోంచి చూసినట్టే గుర్తుంది. ఆ ముసలి గొంతు పైకి లేచింది. వెనక బస్సు, విమానం మాయమైపోయాయి. అడవులు దాటి, వాగులు దాటి పెండ్లికొడుకు వస్తున్నాడు. పసుపు బట్టలు, చేతిలో కొరడా. నా పక్కన నిలబడ్డ ఆడవాళ్లు దారి ఇస్తున్నట్టు వెనక్కి జరిగారు. నేను గోదావరిఖనిలో లేను. ఎన్ని నిమిషాలు గడిచాయో తెలియదు. అంతలో మా అధికారి దగ్గు వినిపించింది. అతిథి గడియారం చూసుకుంటున్నాడు.

పెండ్లికొడుకు అప్పుడే ఆడపిల్ల ఇంటి ముందుకు వచ్చాడు. ఓదెలు గొంతు దించి, "గడప ముంగట నిలవడ్డడు... కుడికాలెత్తిండో..." అన్నాడు.

నేను చెయ్యెత్తాను.

ఓదెలు ఆగిపోయాడు. మాట సగంలో, ఊపిరి సగంలో. కుర్చీల్లో వాళ్లు చప్పట్లు కొట్టారు. నేల మీద కూర్చున్నవాళ్లెవరూ కొట్టలేదు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అతిథి లేచి కళలను బతికించుకోవాలని మాట్లాడాడు. కథకు మేమిచ్చిన సమయం కన్నా ఎక్కువసేపే మాట్లాడాడు.

సభ అయ్యాక ఓదెలు ఒగ్గును గుడ్డలో చుట్టుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"దేవుణ్ని ఒంటికాలు మీద నిలవెట్టినవ్ పంతులూ. ఆ కాలు దించేదాక నేను ఇంకో కథ చెప్ప. ఒగ్గు ముట్ట."

కోపంగా అనలేదు. అందుకే ఆ మాట నన్ను వదలలేదు.

కాళ్లు గుంజుతున్నయట

మా అధికారి మెచ్చుకున్నాడు. పైకి నివేదిక వెళ్లింది, ఫోటో వెళ్లింది. వారం రోజులు నేను కూడా అంతా బాగానే జరిగిందని నమ్మించుకున్నాను.

తర్వాత అంగట్లో ఓదెలు ఎదురుపడ్డాడు. "మా దేవుని కాళ్లు గుంజుతున్నయట పంతులూ, నిన్ను అడుగుమన్నడు" అని తన దారిన పోయాడు. నెల తిరిగేసరికి ఆ మాట అందరి నోళ్లలో పడింది. నల్లా దగ్గర ఆడవాళ్లు నా సైకిలు చూసి, "అగో, పంతులచ్చిండు, కాలు దించిండో లేదో అడుగుర్రి" అని నవ్వేవాళ్లు. హోటల్లో చాయ్ తెచ్చిపెట్టినవాడు, "కూసోండ్రి సార్, మీరన్న కూసోండ్రి" అన్నాడు. ఒళ్లు మండేది. నేనేం నేరం చేశాను? గంట కార్యక్రమం గంటలో ముగించాను. ఆ మాటే ఇంట్లో మా ఆవిడతో అంటే, "పీటల మీద పెండ్లి ఎవరన్నా ఆపితే మీరు ఊరుకుంటారా?" అంది.

వేకువ బస్సులో మంథని నుంచి వస్తూ కునుకు తీసేవాణ్ని. ఆ కునుకులో పెండ్లికొడుకు కనిపించడం మొదలైంది. మంచులో ఒక గడప. ముందు అతను, కుడికాలు లేచి ఉంది, పాదానికి పసుపు. వెనక ఇల్లు లేదు, మనుషులు లేరు, బాయి చక్రం మెల్లగా తిరుగుతోంది. నన్ను చూసేవాడు. తిట్టేవాడు కాదు. ఎప్పుడంటావు అన్నట్టు చూసేవాడు. బస్సు గోతిలో పడి మెలకువ వచ్చేది. నా కుడికాలు తిమ్మిరెక్కి ఉండేది. నవ్వుకుంటే నవ్వుకో, నిజమే రాస్తున్నాను.

చుట్టుపక్కల ఊళ్ల నుంచి కథ చెప్పమని వచ్చినవాళ్లను ఓదెలు వెనక్కి పంపుతున్నాడని తెలిసింది. ఎండాకాలం వచ్చేసరికి ఒకనాడు లాంప్ రూము దగ్గర రాజం నన్ను ఆపాడు. తలకు దీపం కట్టుకుని షిఫ్టుకు దిగబోతున్నాడు.

"సార్, మా మామ ఇప్పుడు నీళ్ల చెంబు తడుముకుంట తీస్తుండు. పొద్దున ఎలుతుర్ల తెల్లది, పచ్చది కొద్దిగ కానవస్తున్నయట. గవి గూడ పోతె ఇగ పట్నం లేదు."

"నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నావు కదా. నీకు రాదా?"

"నేను ఎప్పుడు డోలు పట్టుకొని అవుతల దిక్కు నిలవడ్డోన్ని సార్. నేను చూసిన పట్నం అంత ఉల్టాది. ఆయన చెయ్యి ఎంబడి నా చెయ్యి నడిస్తె గాని రాదు. ఆయన ఏమో ఆ కథ మల్ల చెప్పేనాడు గాని పిండి ముట్టనంటడు. నువ్వే కట్టేసినవ్, నువ్వే ఇప్పాలె."

లోపలికి దిగిపోయాడు. నేను అక్కడే నిలబడిపోయాను. అప్పటిదాకా నాకు ఇది ఒక ముసలాయన మొండితనం. ఆ పొద్దున తెలిసింది, నేను చెయ్యెత్తి ఆపింది ఒక్క కథను కాదని, వాళ్ల ఇంటి విద్యనే అని. భయం వేసింది.

రాజం చేసిన అనువాదం

వాళ్లు కోరింది కర్రల యార్డులో కలిసిన తమ పాత జాగాలోనే పన్నెండు మూరల నేల, ఒక్క పూట. నేను బాయి మేనేజరుకు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. ప్రాచీన సంప్రదాయం, జానపద సంస్కృతి, మతపరమైన విశ్వాసం. కుదరదని జవాబు వచ్చింది. ఇంకొంచెం పెద్ద మాటలతో మళ్లీ రాశాను. యార్డులో బయటివాళ్లకు ప్రవేశం లేదని జవాబు. మూడోదానికీ, నాలుగోదానికీ జవాబే లేదు. వెల్ఫేర్ ఆఫీసరు తెర సంగతి తెలిసినప్పటి నుంచీ పాపం సిగ్గుపడి ఉన్నాడు, తనవంతు మాట సాయం చేశాడు. అయినా కదల్లేదు.

సర్పంచ్ నా నాలుగో ఉత్తరం నకలును అలవాటు ప్రకారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీ కాగితాలు సూసి సూసి ఆయన కండ్లకు గూడ పొరచ్చి ఉంటది. మనిషిని తీస్కపో" అన్నాడు.

రాజాన్ని తీసుకుపోయాను. మేనేజరు ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చినవాడు, గట్టి మనిషి, తెలుగు కొద్దికొద్దిగా మాట్లాడతాడు. టోపీ బల్ల మీద పెట్టి, "క్యా హై?" అన్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. నాకన్నా ముందే రాజం అందుకున్నాడు.

"సార్, బాయిల కప్పు కింద సపోర్టు సగం పెట్టి ఎవలన్న పైకి అస్తరా?"

"నై. రారు."

"షిఫ్టు అయిపోయిందనుకో. సైరన్ గొట్టింది."

"కొడితే ఏంది? పని పూర్తి చేస్తడు. లేకుంటే వచ్చే షిఫ్టు సర్దారుకు చూపించి, అప్పజెప్పి వస్తడు. సగం సపోర్టు వదిలితే కప్పు కూలి ఆదమీ మర్ జాతా."

"మా మామ ఏడాది సంది సగం సపోర్టు కింద కూసున్నడు సార్. కథ నడిమిట్ల ఆగింది. అప్పజెప్పకుంటనే మేము పైకి అచ్చినం."

మేనేజరు నిటారుగా కూర్చున్నాడు. "ఎవరు పైకి రమ్మన్నరు?"

రాజం నా వైపు చూడలేదు, పెద్దమనసు. మేనేజరే చూశాడు. "మీరా?"

"నేనే" అన్నాను. నా సర్వీసులో నన్ను ఎందరో అధికారులు మందలించారు. ఆ చూపు ముందు అవన్నీ ఎంత! కప్పు కూలే చోట మనుషులను వదిలి వచ్చినవాణ్ని చూసినట్టు చూశాడు.

తర్వాత ఆయన అడిగినవన్నీ పని మాటలే. ఎంత జాగా? ఏ దిక్కున? ఏ రోజు? ఆదివారం పొద్దున, మూడో షిఫ్టు పైకి వచ్చే వేళ, యార్డులో పని ఉండదు. రాజానికీ తాళాలు పట్టే అతనికీ ఆ రోజు సెలవే. కర్రలు ఎవరు జరుపుతారు? మేమే జరుపుతం, డ్యూటీ దిగినంక, అన్నాడు రాజం. మేనేజరు చివరికి నా వైపు వేలు చూపించాడు.

"ఒక షరతు. పూర్తయ్యేదాకా ఎవరూ ఆపకూడదు. మీరు ముఖ్యంగా."

అమ్మాయీ, నాలుగు ఉత్తరాల్లో నేను రాసిన పెద్ద మాటలన్నీ నిజాలే. కానీ అవి ఎవరివీ కావు. ఎవరికి చెబుతున్నామో వాళ్ల పనిలోంచి మాట తీసి చెప్పాలని నాకు ఏ శిక్షణలోనూ నేర్పలేదు, బొగ్గు నింపే మనిషి నేర్పాడు. ఇంకొకటి. తెలిసిన మాటే అనిపించినప్పుడు రెండుసార్లు అడుగు. తెలియని మాటైతే ఎట్లాగూ అడుగుతావు.

ఆదివారం పొద్దున

మా సమితి అధికారికి ఈసారి చెప్పలేదు. అది తప్పే, నువ్వు అట్లా చేయకు. అవసరమైతే చెయ్యి.

నేను వెళ్లేసరికి ఇంకా మసక మసకగానే ఉంది. మంచు ఎంత దట్టంగా ఉందంటే పేర్చిన కర్రల గుట్టలు కదులుతున్నట్టే అనిపించింది. మధ్యలో నేల అలికి ఉంది, తడి వాసన వస్తోంది. ఓదెలు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే రాజం. ముసలాయన చేతి కింద అతని చెయ్యి. పిండి రెండు చేతుల్లోంచీ కలిసి జారుతోంది.

"గిట్ల కాదురా, మణికట్టు ఇడిసిపెట్టు. గీత నువ్వు గీయద్దు. అదే పోతది, నువ్వు ఎంబడి పో."

తెలుపు అయింది. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ అయ్యాయి. నలుపు దగ్గరికి వచ్చేసరికి ఊక బూడిద మంచుకు తడిసి ముద్దయిపోయింది. ఓదెలు చేతిలో నలిపి చూసి పారేశాడు.

"నల్లది ఎట్ల మామా?" అన్నాడు రాజం.

ఓదెలు అరచేత్తో నేల తడిమాడు. "కాళ్ల కింద ఉన్నదేందిరా?"

రాజం యార్డు అంచు నుంచి దోసెడు బొగ్గు పొడి తెచ్చాడు. ఓదెలు దాన్ని కళ్లకు అద్దుకుని, "దీని మీదనే బతుకుతున్నం గద, దేవుడు కాదంటడా" అన్నాడు. ఆ నల్లగీతలు పడ్డాక పట్నం లేచి నిలబడింది. ఆ పెయింటరు కూడా వచ్చి ఒక కర్ర మీద కూర్చున్నాడు. నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆ గీతలు తర్వాత రాజం చేతిలో చాలా ఏళ్లు ఉన్నాయి. రాజం చేతి నుంచి ఇప్పుడు ఇంకెవరి చేతికో పోయే ఉంటాయి.

సైరన్ మోగింది. మూడో షిఫ్టు పైకి వచ్చింది. మంచులోంచి ఆ నల్లటి మనుషులు ఒక్కొక్కరే వచ్చి, టోపీలు తీసి, కర్రల మీదా నేల మీదా కూర్చున్నారు. ఎవరూ ఇంటికి పోయి కడుక్కోలేదు. కొందరి కళ్లు మూతలు పడుతున్నాయి. ఇళ్ల నుంచి ఆడవాళ్లు వచ్చి వాళ్ల పక్కన కూర్చున్నారు. మేనేజరు వెనక ఎక్కడో నిలబడ్డాడు. కుర్చీలు లేవు.

రాజం డోలు భుజానికి తగిలించుకున్నాడు. ఓదెలు ఒగ్గు గుడ్డ విప్పాడు. అంతా సిద్ధమయ్యాక, ఎదురుగా మనుషుల్ని పోల్చుకోలేని కళ్లతో వెతికాడు.

"పంతులు అచ్చిండా?"

"ఇక్కడే ఉన్నాను, కాకా" అన్నాను. ఎప్పుడు చిన్నాయన వరసై కాకా అయ్యాడో నాకే తెలియదు.

"గిటు రా. ఆనాడు ఎట్ల నిలవడ్డవో గట్ల నా ముంగట నిలవడు."

వెళ్లి నిలబడ్డాను.

"ఇగ చెయ్యెత్తు. ఆనాడు ఎత్తినట్టె."

అంతమంది ముందు చెయ్యెత్తాను. ఎవరూ నవ్వలేదు. ఏడాది పొడుగునా నన్ను ఆట పట్టించిన ఆడవాళ్లు కూడా నవ్వలేదు. ఎంతసేపు అట్లా నిలబెట్టాడో చెప్పలేను. ఆ కాసేపట్లో భుజం గుంజింది. ఒక్క చెయ్యి ఇంతసేపు ఎత్తి ఉంచడమే ఇంత కష్టమా అనిపించింది. పట్నం అంచున మంచు కదిలింది. అక్కడ ఎవరో నిలబడి ఉన్నట్టే ఉంది, కాలెత్తి, నా వైపు చూస్తూ.

"ఇగ దించు బిడ్డా" అన్నాడు ఓదెలు కాక.

దించాను.

ఒగ్గు ఒక్కసారి మోగింది. కాక ఏడాది కింద ఆపిన ఊపిరి దగ్గరి నుంచే అందుకున్నాడు.

"...లోపట వెట్టిండో!"

రాజం డోలు మీద దెబ్బ పడింది. మూడో షిఫ్టు మొత్తం నిద్ర వదిలి ఒక్క గొంతుతో "వెట్టిండో!" అంది. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. పక్కనున్న ఒక ముసలవ్వ నా వీపు నిమురుతూ, "ఏడ్వకు కొడుకా, లోపటికి పోయిండు గద" అంది.